సీసం తగిలిన పిల్లలు నేరస్థులవుతారా?

ప్రశ్న: అమెరికాలో, సిన్సినాటిలో ఒక పాత ఇంట్లో అద్దెకుంటున్నాం. మా రెండేళ్ల బాబు రక్తంలో సీసం డెసిలీటరుకు 6 మైక్రోగ్రాములు ఉందన్నారు. చిన్నప్పుడు సీసం ఎక్కితే పెద్దయ్యాక హింసకు దిగుతారని చదివాను. వాడు బొమ్మ విసిరికొట్టినా గుండె దడదడలాడుతోంది.
– ఒక తల్లి

జవాబు: ముందు స్థిమితపడండమ్మా. రెండేళ్లవాడు బొమ్మలు విసరడం, కరవడం, కింద పడి పొర్లి ఏడవడం మామూలే. వాటిని సీసానికి ముడిపెట్టకండి.

మీరు చదివింది పుకారు కాదు, ఆ పరిశోధన మీ ఊళ్లోనే జరిగింది. 1979–84 మధ్య పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి 2008లో ఫలితాలు ప్రకటించారు: చిన్నప్పుడు సీసం ఎక్కువున్నవాళ్లు హింసాత్మక నేరాల్లో అరెస్టవడం ఎక్కువగా కనిపించింది. కోపాన్ని ఆపుకునే మెదడు ముందు భాగాన్ని సీసం దెబ్బతీస్తుంది మరి. అయితే ఆ పిల్లల రక్తంలో సీసం సగటున మీ బాబుకున్నదానికి సుమారు రెట్టింపు. పైగా వాళ్లవి పేదరికం, పాత ఇళ్లు ఉన్న పేటలు. పెట్రోలు పొగ వల్ల ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకేలా సీసం తగిలిన న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో చూస్తే, నేరాలతో సంబంధం బలహీనంగానే తేలింది. ఈ లెక్కలు ఊరి మొత్తానికి చెప్పేవి. మీ బాబు జాతకం చెప్పేవి కావు.

అమెరికాలో 3.5 దాటితే జాగ్రత్త పడమంటారు కాబట్టి 6ను వదిలేయకూడదు, కానీ దీనికి మందులు అక్కర్లేదు. అవి సాధారణంగా 45 దాటాకే. 1978కి ముందు కట్టిన ఇళ్లలో కిటికీ తెరిచి మూసినప్పుడల్లా సీసం ఉన్న పాత రంగు పొడిగా రాలవచ్చు. కిటికీ గట్టును తడిగుడ్డతో తుడవండి, అన్నానికి ముందు బాబు చేతులు కడగండి, ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెట్టండి. రంగు మీరే గీకవద్దు. మూడు నెలల్లోపు మళ్లీ రక్తపరీక్ష చేయించండి. వచ్చిన మాటలు మరిచిపోతున్నా, అదేపనిగా వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మావారు ఇంటి వెనక పాత బ్యాటరీలు విప్పి సీసం కరిగిస్తారు. పదేళ్ల మా అబ్బాయి బడిలో పిల్లల్ని కొడుతున్నాడట. ఇది సీసం పనేనా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: పదేళ్ల పిల్లాడు చేయి చేసుకోవడానికి చాలా కారణాలుంటాయమ్మా, చదువు అందకపోవడం, ఎవరో ఏడిపించడం కూడా కావచ్చు, ముందు వాడినే దగ్గర కూర్చోబెట్టుకుని అడగండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లోనే ఆగిపోయింది గానీ, మీ పెరట్లో పొగ ఆగలేదు. అందుకే ఇంట్లో పిల్లలందరికీ, మీకూ, మీవారికీ సీసం పరీక్ష చేయించండి. మీరు గర్భంతో ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. మీవారి పని బట్టలు విడిగా ఉతకండి, ఇంటి దగ్గర కరిగించడం మాత్రం ఈరోజే ఆపించండి.