తొందరపడి పైకి లాగకు

మేనల్లుడికి,

పట్టిసీమ రేవులో కట్టేసిన నీ ఫైబర్ బోటు మొన్న రాత్రి వానకి మునిగిపోయిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. అందులో మనిషెవరూ లేరు, అదే పదివేలు. రేపు పొద్దున్నే పొక్లెయిన్ పెట్టి గట్టుకి లాగించేస్తానంటున్నావట. ఆ పని ఆపు. మెకానిక్, స్పిరిట్, ఆయిలు, శుభ్రమైన నీళ్లు, కొత్త ప్లగ్గులు అన్నీ రేవు దగ్గర సిద్ధంగా ఉన్నాకే బోటు మీద చెయ్యి వెయ్యి.

ఎందుకంటావా? ఇంజను నీళ్లలో ఉన్నంతసేపు చెడేది తక్కువ. బయటికొచ్చి గాలి తగిలాక, గంటల్లోనే బేరింగుల మీదా సిలిండరు గోడల మీదా తుప్పు మొదలవుతుంది. నాలుగు రోజులు ఏటి అడుగున ఉన్న ఇంజనుని బతికించుకోవచ్చు. నాలుగు రోజులు గట్టు మీద ఎండబెట్టిన ఇంజను పట్టేస్తుంది. తీశాక ఆ పూటే విప్పడం కుదరకపోతే, పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు పోసి ఇంజనుని మళ్లీ ముంచి ఉంచు. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఒక్క బ్యాటరీ సంగతి మాత్రం వేరు. ఈతగాణ్ణి దింపి దాని వైర్లు ఇవాళే ఊడదీయించు. నీళ్లలో కరెంటు పారుతున్నకొద్దీ ఆ చుట్టుపక్కల లోహాన్ని తినేస్తూ పోతుంది.

ధవళేశ్వరం ఆనకట్టకి ఎగువన మునగడం నీ అదృష్టం. కింద పాయల్లోనో కాకినాడ దగ్గరో అయితే ఉప్పు అల్యూమినియాన్ని కొరికేసేది. కానీ మనకి ఉప్పు లేకపోయినా ఒండ్రు ఉంది. వరద నెలల్లో గోదారి ఎర్రనీళ్లలో ఉండే మెత్తటి మట్టి ఎంత సన్నని సందులోకైనా దూరుతుంది. నీళ్లని స్పిరిట్‌తో తరిమేయొచ్చు, మట్టిని తరమలేం. ఇంజను ఆయిలు తీసినప్పుడు రెండు వేళ్ల మధ్య రాసి చూడు. గరుకు తగిలితే స్టార్ట్ చేసే ఆలోచనే పెట్టుకోకు, మొత్తం విప్పించాల్సిందే.

పైకి తీసేటప్పుడు బరువు లెక్క మరిచిపోకు. వెయ్యి లీటర్ల నీళ్లంటే ఒక టన్ను. బోటులో మూడు వేల లీటర్లున్నా, నువ్వు దాన్ని నీటి మట్టం దాటించి ఎత్తాలనుకున్న క్షణాన మూడు టన్నులు అదనంగా మీద పడతాయి. పొక్లెయిన్‌తో ముక్కు పట్టి గుంజితే పగిలేది నీ బోటే. తాడు కట్టుకునే కొక్కేలకి గొలుసు తగిలించొద్దు, అవి ఊడొస్తాయి. రెండు నావల్ని చెరోవైపు నిలిపి, అడ్డంగా దూలాలు వేసి, బోటు అడుగు నుంచి వెడల్పాటి బెల్టులు తిప్పి, చైన్ బ్లాకులతో సమంగా ఎత్తించు. అంచు నీటి పైకి జానెడు తేలగానే ఆపించి, పంపు పెట్టి తోడించు. లోపలి నీళ్లు ఒక పక్కకి ఒరిగితే బోటు తిరగబడుతుంది. తోడేటప్పుడే నీళ్లు ఎక్కణ్ణుంచి లోపలికొస్తున్నాయో కనిపెట్టు. నీళ్లు వదిలే బిరడా ఉందా, కేబుళ్లు దూర్చిన కన్నం మూసి ఉందా, పంపు నడవకపోవడానికి బ్యాటరీ దిగిపోవడమే కారణమా? ఇది తేలకుండా చేసే ఏ రిపేరూ రిపేరు కాదు.

ఇక ఇంజను. రేవులో ఆపి ఉండగా మునిగింది కాబట్టి లోపలి రాడ్లు వంగి ఉండవనే అనుకుంటున్నాను. నడుస్తుండగా మునిగితే ఆ నమ్మకం ఉండదు. అయినా సెల్ఫ్ కొట్టకు. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. సిలిండరు నిండా నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ముందు కవరు తీసి మంచినీళ్లతో బాగా కడిగించు. ప్లగ్గులన్నీ విప్పి, ప్లగ్ కన్నాలు కిందికి వచ్చేలా ఇంజనుని వంచి, ఫ్లైవీలుని చేత్తో నెమ్మదిగా, అది మామూలుగా తిరిగే వైపే తిప్పించు. మధ్యలో బిగిసిందా, బలం పెట్టొద్దు. సాఫీగా తిరిగితే సిలిండర్లలో స్పిరిట్ పోసి తిప్పు, అది మిగిలిన తేమని కలుపుకుని బయటికొస్తుంది. ఆ తర్వాత ఆయిలు పొయ్యి. లోపలి ఆయిలు పాలలా తెల్లబడి కనిపించినన్నాళ్లూ మారుస్తూనే ఉండాలి, దాని ఖర్చు చూసుకోకు. కింద గేరుపెట్టె ఆయిలు కూడా చూడు.

పెట్రోలు ఒక్క చుక్క కూడా మిగల్చకు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది నీళ్లని పట్టుకుని అడుగుకి దిగుతుంది, అంచేత పైది తేర్చుకుంటే సరిపోదు. ఆ పెట్రోలుని ఏట్లో మాత్రం పొయ్యకు, దిగువన రాజమండ్రి తాగేది ఆ నీళ్లే. ట్యాంకు, ఫిల్టరు, కార్బురేటరు శుభ్రం చేశాక, చల్లబరిచే నీళ్లు పైపుతో అందిస్తూనే స్టార్ట్ చెయ్యి. ఒక గంటన్నా నడవనీ, ఆ వేడికే లోపలి చెమ్మ పోతుంది.

వైరింగులో కనెక్టర్లన్నీ విప్పి ఆరబెట్టించు. బ్యాటరీ కొత్తది కొను. బోటు అడుగున పలకల కింద ఉండే ఫోము నీళ్లు పీల్చి ఉంటే బోటు ఎప్పటికీ బరువుగానే తేలుతుంది, దాన్ని కోసి తీసెయ్యాలి. ఇంజను బిగించే వెనక పలకని సుత్తి పిడితో కొట్టి విను. మందంగా మోగితే లోపలి చెక్క నానిందని అర్థం. ఆ చెక్క పుచ్చి, ఇంజనులో ఒండ్రు కూడా చేరి ఉంటే, విడిభాగాల లెక్కన అమ్మెయ్యి. అప్పు చేసి మరీ బాగు చేయించకు.

బాగుపడినా, వెంటనే మనుషుల్ని ఎక్కించకు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదారిలో రాయల్ వశిష్ట అనే పర్యాటకుల బోటు మునిగింది. ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసింది అక్టోబరు 22న. ఆ నెల పైచిలుకు రోజులూ తమవాళ్ల కోసం ఒడ్డున కూర్చున్న మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. నీ బోటు చిన్నదే కావచ్చు, ఎక్కేది మాత్రం మనుషులేగా. 2021 అంతర్గత నౌకల చట్టం ప్రకారం ఇంజను నావకి సర్వే జరగాలి. ఇంజను మోగగానే బేరం మొదలుపెట్టకు. అధికారి వచ్చి చూసి కాగితం ఇచ్చేదాకా పాపికొండలకి ఒక్కరిని కూడా ఎక్కించనని అమ్మ ముందు మాటిచ్చి, ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి. నా దగ్గరున్న చైన్ బ్లాకులు రెండూ పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య