తుపాను తర్వాత మిరప తోటలో యూరియా ఎక్కడికి పోయింది?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు పది రోజుల ముందే మా పెదనాన్న పర్చూరు దగ్గర మిరప తోటకి ఎకరాకి ఒక కట్ట యూరియా పైపాటుగా వేశాడు. (పర్చూరు 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. మా ఇంట్లో మాత్రం ఇంకా ఒంగోలు జిల్లానే.) వాన వెలిశాక కూడా నాలుగు రోజులు చేలో నీళ్ళు నిలిచాయి. తోట ఉరకెత్తి ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. "వేసిందంతా వాగులో కలిసిందిరా" అన్నాడు.

నేనూ నమ్మాను. తర్వాత అనిపించింది: చేను బల్లపరుపు, నీళ్ళు కదలకుండా అక్కడే ఉన్నాయి. మరి అంతా కొట్టుకుపోవడం ఎలా?

ఆ డౌటుతో వెతుకుతుంటే ముందు దొరికింది మంచు దేశాల సంగతి. అక్కడ నేల మీద పడ్డ మంచు దుప్పటిలా పనిచేస్తుంది. చలికాలం కాస్త వేడెక్కి మంచు తగ్గితే దుప్పటి పోయినట్టే, కింద నేల ఇంకా గట్టిగా గడ్డకడుతుంది. అమెరికాలో హబ్బార్డ్ బ్రూక్ అనే అడవిలో సైంటిస్టులు కావాలనే మంచు తీసేసి చూశారు. సన్నవేళ్ళు దెబ్బతిన్నాయి, తీసుకునేవాళ్ళు లేక నైట్రేట్ నీళ్ళతో కిందకి పోయింది. అంటే పోషకం ఉంది, దాన్ని అందుకునే వేరే లేదు.

మన నల్లరేగడిలో మంచు లేదు, నీళ్ళున్నాయి. యూరియా నేలలో ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. అమ్మోనియంది పాజిటివ్ చార్జి కాబట్టి బంకమట్టి పట్టుకుంటుంది. నైట్రేట్‌ది నెగటివ్, మట్టి పట్టుకోదు. రేగడి తడిస్తే ఉబ్బి రంధ్రాలు మూసుకుంటాయి, గాలి ఆడదు. మిరప వేళ్ళు ఊపిరాడక పని ఆపేస్తాయి. కొన్ని బాక్టీరియా మాత్రం ఆగవు. ఆక్సిజన్ అయిపోతే నైట్రేట్‌లో ఉన్న ఆక్సిజన్‌ని వాడుకుంటాయి (మన భాషలో ఫాల్‌బ్యాక్). మిగిలిన నైట్రోజన్ గ్యాసై గాల్లోకి పోతుంది. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది, అది వందేళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 273 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. సముద్రం వేడెక్కే కొద్దీ తుపాను తెచ్చే వాన పెరుగుతుంది. ఇక్కడ లూప్ ఎక్కడుందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఒక కట్ట 45 కిలోలు, అందులో నైట్రోజన్ 46 శాతం. అంటే 20 కిలోల 700 గ్రాములు. వాన మొదలయ్యేసరికి సగం నైట్రేట్‌గా మారి ఉందనుకున్నా, ఎకరాకి పది కిలోలు గాలికి పోయే దారిలో ఉన్నట్టే.

నాకు బాధనిపించేది దీని తర్వాతది. ఆకులు పచ్చబడ్డాయని పెదనాన్న ఇంకా బురదగా ఉన్న చేలోనే రెండో కట్ట చల్లాడు. వేళ్ళు తీసుకోలేని స్థితిలో అది ఎవరికి? ముందు కాలవలు తీసి నీళ్ళు పంపాలి. వేళ్ళు కోలుకునేదాకా 2 శాతం యూరియా ద్రావణం, అంటే లీటరు నీళ్ళకి 20 గ్రాములు, ఆకుల మీద పిచికారీ చెయ్యాలి. పైపాటు కూడా ఒకేసారి కట్ట కాకుండా సగం సగం వేస్తే, తుపాను వచ్చినా పోయేది ఆ సగంలోంచే.

ఇదంతా చెబితే పెదనాన్న "కంప్యూటర్ చదివేవాడివి, నీకెందుకురా మట్టి గోల" అన్నాడు. కానీ ఇప్పుడు నవంబర్‌లో యూరియా వేసే ముందు ఫోన్ చేస్తాడు. "బంగాళాఖాతంలో ఏమన్నా ఉందేమో చూడరా."