గ్రహశకలముల నామకరణము

విద్యార్థులారా! మన యిండ్లలో శిశువు పుట్టిన వెంటనే పేరు పెట్టరు. బారసాల నాటివరకు 'పాప' అనియో 'చిన్నోడు' అనియో ముద్దుగా పిలుచుచుందురు. పిదప బంధువులను పిలిచి, బిడ్డను తొట్టెలో నుంచి, పేరు పెట్టుదురు. మన యిరుగుపొరుగున నున్న మరాఠీవారు ఈ వేడుకను 'బారసే' అందురు. ఆకాశమున క్రొత్తగా గనుగొనబడు గ్రహశకలములకును ఇట్టి క్రమమే కలదు. మొదట తాత్కాలికమైన గుర్తు, తరువాత వరుస సంఖ్య, తుదకు పేరు. ఆ క్రమ మెట్టిదో, ఆ పేర్ల కర్థ మేమో ఈ పాఠమున దెలిసికొందము.

గ్రహశకలములు, తొలి పేర్లు

సూర్యుని చుట్టు తిరుగు గ్రహములు ఎనిమిది. వానిలో అంగారకునకును గురునకును నడుమ మిక్కిలి వెడల్పైన చోటు కలదు. అందు రాతితోను, లోహముతోను గూడిన చిన్న పిండములు లక్షలకొలది తిరుగుచున్నవి. అట్టి వానిని గ్రహశకలము లందుము. ఇంగ్లీషున 'ఆస్టరాయిడ్' అందురు. నక్షత్రమును బోలినది అని ఆ మాట కర్థము. దూరదర్శినిలో జూచినపుడు చిన్న చుక్కవలె గనబడుటచే ఆ పేరు వచ్చినది.

వీనిలో మొదట గనుగొనబడినది సిరీస్. 1801 జనవరి 1వ తేదీన సిసిలీ ద్వీపమునందలి పలెర్మో నగరమున పియాజ్జి అను పండితుడు దీనిని జూచెను. సిరీస్ రోమనుల సస్యదేవత. సిసిలీ ద్వీపమును గాపాడు తల్లిగా గూడ ఆమె నెంచెడివారు. పియాజ్జి ఆ పేరునకు తన రాజగు ఫెర్డినాండు పేరును జోడించెను. ఇతర దేశముల పండితులు దాని నంగీకరింపలేదు. రాజు పేరు రాలిపోయినది. పంటల తల్లి పేరు నిలిచినది. 2006 నుండి సిరీసును మరుగుజ్జు గ్రహముగా గూడ పరిగణించుచున్నారు.

తరువాత దొరకిన పల్లాస్, జూనో, వెస్టా యనునవియు దేవతల పేర్లే. గ్రహశకలముల సంఖ్య పెరిగినకొలది పురాణముల వెలుపలి పేర్లును వచ్చినవి. 1852లో గనుగొన్న 'మస్సాలియా'కు ఫ్రాన్సు దేశపు మార్సెయి నగరముయొక్క ప్రాచీన నామమును బెట్టిరి.

మదరాసున దొరకిన యైదు

ఈ కథలో మన దేశమునకును చోటు కలదు. నార్మన్ పోగ్సన్ అను ఆంగ్లేయుడు 1861 నుండి 1891లో మరణించువరకు మదరాసు నక్షత్రశాలకు అధిపతిగా నుండెను. కోస్తా జిల్లాలును, రాయలసీమయు అపుడు మదరాసు రాజధానిలోనివే. 1861 ఏప్రిల్ 17న పోగ్సన్ అచట నొక గ్రహశకలమును గనుగొని 'ఆసియా' అని పేరు పెట్టెను. ఆసియా ఖండమునుండి గనుగొనబడిన మొదటి గ్రహశకల మదియే. గ్రీకుల పురాణములలో ఆసియా యను జలకన్యకయు గలదు. ఒకే మాటలో పురాణమును, తాను నిలిచి చూచిన నేలయు నిమిడినవి.

పిమ్మట 1864లో 'సాఫో', 1866లో 'సిల్వియా', 1868లో 'కెమిల్లా', 1885లో 'వేరా' యను నాల్గింటిని అతడే మదరాసున గనుగొనెను. సాఫో గ్రీకు కవయిత్రి. కెమిల్లా రోమను గాథలలోని వీరనారి. వేరా యనగా లాటిను భాషలో సత్యమైనది. సిల్వియా రోమా నగరమును స్థాపించిన కవలలకు తల్లియని గాథ. సిల్వియా చుట్టు తిరుగు చిన్న ఉపగ్రహము నొకదానిని 2001లోను, మరియొకదానిని 2004లోను గనుగొనిరి. వానికి ఆ కవలల పేర్లే, రోములస్, రీమస్ అని పెట్టిరి. నూట ముప్పది యేండ్లకు పైబడిన తరువాత తల్లి చెంతకు బిడ్డలు చేరినట్లైనది. పేరునకు అర్థము తెలిసినవా రుండుటచేతనే యిది సాధ్యమైనది.

మన తెలుగువారును ఆకాశమును గమనించిరి. విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావు 1840లో సొంతముగా నక్షత్రశాల గట్టించెను. అతని యల్లుడు అంకితము వేంకట నరసింగరావు 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచిన వింతను అచటినుండి పరిశీలించెను. వీరి పేర్లు మనలో నెందరికి దెలియును?

గుర్తు, సంఖ్య, పేరు

నేటి పద్ధతి నొక ఉదాహరణముతో జూతము. 1988 ఫిబ్రవరి 17న తమిళనాడులో జవ్వాది కొండలమీది కావలూరు నక్షత్రశాలనుండి రాజమోహన్ అను శాస్త్రజ్ఞుడు ఒక గ్రహశకలమును గనుగొనెను. దానికి మొదట వచ్చిన గుర్తు '1988 డి క్యూ 1'. సంవత్సరమును ఇరువదినాలుగు సగపు నెలలుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఇంగ్లీషు అక్షర మిత్తురు. ఒకటి యను అంకెవలె గనబడు 'ఐ' అక్షరమును విడిచిపెట్టుదురు. నాల్గవ అక్షరమగు 'డి' ఫిబ్రవరి రెండవ సగమును దెలుపును. 'క్యూ 1' అనునది ఆ సగములో ఇది నలువది యొకటవదని చెప్పును.

ఇంతటితో పని ముగియదు. చూచిన చుక్క మరల గనబడవలయును. అనేక సంవత్సరములు దానిని వెంబడించి, అది యే త్రోవన నడచుచున్నదో గణితముచే నిర్ణయింపవలయును. త్రోవ స్థిరపడిన పిదపనే దానికి శాశ్వతమైన సంఖ్య వచ్చును. మన హాజరు పట్టీలోని వరుస సంఖ్య వంటి దిది. ఈ శకలమునకు వచ్చిన సంఖ్య 4130. అపుడు దానికి గణితశాస్త్రజ్ఞుడగు రామానుజన్ పేరు పెట్టిరి. 1885 నాటి వేరా తరువాత 103 సంవత్సరములకు భారతదేశమునుండి గనుగొనబడిన గ్రహశకల మిది.

కావలూరు నక్షత్రశాలకు వేణు బాప్పు పేరు కలదు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా నక్షత్రశాలలో పనిచేసెను. వేణు బాప్పు నిజాం కళాశాలలో జదివెను. 2596వ గ్రహశకలమునకు ఆయన పేరే.

నామకరణ నియమములు

సంఖ్య వచ్చిన తరువాత పది సంవత్సరములవరకు పేరు సూచించు హక్కు కనుగొన్నవారిది. దాని నంగీకరించునది అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యయొక్క సంఘము. పేరు ఇంగ్లీషు లిపిలో పదునారు అక్షరములకు మించరాదు. వీలైనంతవరకు ఒకే మాటగా నుండవలయును. పలుకుటకు వీలుగా నుండవలయును. ఎవరి మనస్సును నొప్పింపరాదు. ఇదివరకున్న పేరును బోలియుండరాదు. రాజకీయములందో, యుద్ధములందో ప్రసిద్ధులైన వారి పేర్లు వారు మరణించిన నూరేండ్లకు గాని పెట్టరాదు. వ్యాపార నామములకు చోటు లేదు. ఈ పేర్లను ఎవరును అమ్మరు. డబ్బు గైకొని పేరు పెట్టింతు మనువారిని నమ్మకుడు.

నియమములు గట్టివైనను, వాని నడుమ ఎందరికో చోటు దొరకినది. శివ, రుద్ర యను పేర్లుగల శకలములు కలవు. 2003లో కొలంబియా వ్యోమనౌక ప్రమాదమున మరణించిన యేడుగురి పేర్లతో ఏడు శకలములు కలవు. అందు కల్పనా చావ్లా పేరున నున్నదాని సంఖ్య 51826. బాల్యమున కొంతకాలము హైదరాబాదున గడిపి, పిదప ముంబయిలో స్థిరపడిన సంగీత విద్వాంసుడు పండిత జస్‌రాజ్ పేరును 2019లో ఒక శకలమునకు బెట్టిరి. దాని సంఖ్య 300128. ఆయన పుట్టినది 1930 జనవరి 28న. సంవత్సరము, నెల, తేదీ యను క్రమమున వ్రాసి చూడుడు. ఆ సంఖ్యయే వచ్చును.

ఇంతవరకు గనుగొనబడిన గ్రహశకలములు 13 లక్షలకు పైబడినవి. పేరు పొందినవి ఇంచుమించు 25 వేలు మాత్రమే. పేరు పెట్టునపుడు, ఆ పేరు ఎవరిది, ఏల పెట్టితిమి అని రెండు మూడు వాక్యములలో వ్రాసి ప్రకటింతురు. పేరు ఒక్కటియే మిగిలినచో అది వట్టి శబ్దము. ఆ రెండు వాక్యములు తోడైనపుడే అది జ్ఞాపక మగును.

మన పేర్ల మాట

పిల్లలారా! ఎన్నడును ఎవరును కాలు మోపని రాతిపిండమునకే యింత శ్రద్ధతో అర్థము వ్రాసి దాచుచున్నారు. మరి మీ యింటిపేరున కర్థ మేమి? కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గమును నమ్ముకొని మన పెద్ద లెందరో ఈ భివండికి వచ్చిరి. వారు మూటలో దెచ్చుకొన్న వస్తువు లరిగిపోయినవి, పేర్లు మిగిలినవి. తెలుగునాట ఇంటిపేరు ముందుండును. ఇచట బడి కాగితములలో నీ పేరు, తండ్రి పేరు వ్రాసి, ఇంటిపేరును తుదకు జేర్చుదురు. స్థానము మారిన నష్టము లేదు. అర్థము మరచిన మాత్రము నష్టమే. తెలుగు ఇంటిపేర్లలో కొన్ని ఊరి పేరును, కొన్ని వృత్తిని, కొన్ని ఒక పూర్వుని గుణమును దెలుపును. వానిని చెప్పగల తాతలు, అవ్వలు మన యిండ్లలో ఉండగనే అడిగి వ్రాసికొనవలయును.

మరియొక మాట. దూరదర్శినులు తీసిన చిత్రములను పాఠశాల విద్యార్థులకు పంపి, క్రొత్త గ్రహశకలములను వెదకించు అంతర్జాతీయ కార్యక్రమము నేడు కలదు. మన దేశపు పిల్లలును అందు బాల్గొనుచున్నారు. ఓపికతో చుక్కను వెంబడింపగలవారికి ఆకాశమున పేరు పెట్టు అవకాశము రావచ్చును. ఆనాడు మీరు సూచించు పేరునకు రెండు వాక్యముల అర్థము గూడ వ్రాయవలసి యుండును. దానికి సాధన మీ యింటిపేరుతోనే ప్రారంభింపుడు.

అభ్యాసము

1. గ్రహశకలమునకు పేరుకంటె ముందు సంఖ్య ఏల ఇత్తురు?
2. 'ఆసియా' యను పేరునందు గల రెండర్థములను వివరింపుము.
3. ఫిబ్రవరి రెండవ సగమునకు 'డి' గుర్తు. జూన్ మొదటి సగమునకు ఏ అక్షరము వచ్చునో లెక్కించి చెప్పుము.
4. మీ యింటిపేరు వచ్చిన విధమును పెద్దల నడిగి మూడు వాక్యములలో వ్రాయుము.