భుజం, మోచేయి సర్జన్ కావాలంటే...

ప్రశ్న: మా అబ్బాయి ఎంఎస్ ఆర్థో చదువుతున్నాడు. భుజం, మోచేయి సర్జరీలో స్పెషలైజ్ చేస్తానంటున్నాడు. ఇంకా ఎన్నేళ్లు పడుతుంది? మోకాళ్ల సర్జరీకున్న గిరాకీ దీనికి ఉంటుందా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీవాణ్ని ఆపకండి. ఎంఎస్ అయ్యాక కొంతకాలం సీనియర్ రెసిడెంట్‌గా ట్రామా కేసులు చేయాలి. అర్ధరాత్రి వచ్చే విరిగిన మోచేతుల దగ్గరే చెయ్యి కుదురుతుంది. ఆ తర్వాత భుజం, ఆర్థ్రోస్కోపీలో (కీలులోకి కెమెరా పంపి చేసే సర్జరీ) ఫెలోషిప్. ఆర్నెల్లవీ ఉన్నాయి, ఏడాది, అంతకుమించినవీ ఉన్నాయి. ఆసుపత్రి పేరు చూసి కాదు, తన చేత్తో ఎన్ని ఆపరేషన్లు చేయనిస్తారో కనుక్కుని చేరమనండి.

ఈ కీళ్లలో పొరపాటుకు చోటు లేదు. భుజం అంచుకు సుమారు 5 సెంటీమీటర్ల కింద, డెల్టాయిడ్ కండరం లోపలి వైపున ఆక్సిలరీ నరం అడ్డంగా వెళ్తుంది. అది తెగితే ఆ కండరం చచ్చుబడి, చెయ్యి పైకెత్తడం కష్టమవుతుంది. మోచేతి లోపలి ఎముక వెనక అల్నార్ నరం చర్మం కిందే ఉంటుంది. అక్కడ ప్లేటు వేసేముందు దాన్ని వెతికి పట్టుకుని, పక్కకు తప్పించి కాపాడాలి. ఇది పుస్తకంతో రాదు, కాడవర్ (మృతదేహాలపై సాధన) వర్క్‌షాపుల్లో వేళ్లకు అలవాటు కావాలి.

మోకాళ్లంత రద్దీ ఉండదు, నిజమే. అయితే ఫ్రాన్స్‌లో సర్జన్ పాల్ గ్రామోంట్ 1985లో తెచ్చిన రివర్స్ భుజం కీలు ఈ రంగాన్నే మార్చేసింది. బంతి స్థానంలో గిన్నె, గిన్నె స్థానంలో బంతి అమర్చుతారు. భుజం కీలు చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ కండరాలు పూర్తిగా పాడైన పెద్దవాళ్లు కూడా డెల్టాయిడ్ బలంతోనే చెయ్యెత్తి తల దువ్వుకోగలుగుతున్నారు.

షోల్డర్ అండ్ ఎల్బో సొసైటీ ఆఫ్ ఇండియా సదస్సులకు ఇప్పటినుంచే వెళ్లమనండి.