కృత్రిమ మేధ – ఆశలు, భయసందేహాలు

1960వ దశాబ్ది చివరి సంవత్సరాలలో కలకత్తా నగరంలో జీవిత బీమా సంస్థ భవనం ఎదుట ఉద్యోగులు రాత్రింబవళ్ళు కాపలా కాశారు. దొంగల భయంతో కాదు. ఆ భవనంలోకి కంప్యూటరును అడుగు పెట్టనీయరాదన్నది వారి పట్టుదల. వందలాది గుమాస్తాలు చేసే లెక్కలను ఒక్క యంత్రం చేసివేస్తే తమ గతి ఏమిటని వారు ప్రశ్నించారు. ఆ ప్రశ్న అవివేకమైనదని ఇప్పుడు నవ్వుకోవడం సులభమే కాని, నవ్వవలసినది కాదు. 1983లో బ్యాంకు యాజమాన్యాలకూ ఉద్యోగ సంఘాలకూ మధ్య యంత్రీకరణపై ఒప్పందం కుదిరినప్పుడు కూడా యంత్రాలను ఏ పనులకు, ఏ మేరకు వినియోగించవచ్చునో ముందుగా హద్దులు గీసుకోవలసి వచ్చినది.

తరువాతి కథ పాఠకులకు విదితమే. 1980ల నడుమ ఢిల్లీలో ఆరంభమైన కంప్యూటరు రిజర్వేషను పద్ధతి క్రమంగా దేశమంతటా వ్యాపించినది. బ్యాంకులు మూతపడలేదు, శాఖలు పెరిగాయి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యే నాటికి తెలుగునాట మధ్యతరగతి కుటుంబాలకు కంప్యూటరు భయహేతువుగా కాక బ్రతుకుతెరువుగా కనిపించసాగినది. ఉన్న కొద్దిపాటి పొలాన్ని తాకట్టు పెట్టి పిల్లలను ఇంజనీరింగు చదివించిన తల్లిదండ్రులు ఎందరో! విచిత్రమేమంటే, కలకత్తా గుమాస్తాలు నాడు అడిగిన ప్రశ్ననే ఆ పిల్లలు నేడు అడుగుతున్నారు. ప్రోగ్రాములు వ్రాసే పనిని యంత్రమే నేర్చుకుంటే మా గతి ఏమిటి?

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన నాటి నుండి ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న అయినది. 2023లో ప్యూ పరిశోధనా సంస్థ అమెరికాలో అభిప్రాయ సేకరణ జరుపగా, కృత్రిమ మేధ పట్ల ఉత్సాహం కంటె ఆందోళనే తమకు ఎక్కువని 52 శాతం మంది తెలిపారు. ఉత్సాహమే ఎక్కువన్నవారు 10 శాతం మాత్రమే. ప్రపంచంలోని ఉద్యోగాలలో దాదాపు 40 శాతం ఈ సాధనాల ప్రభావానికి లోను కాగలవని 2024 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి అంచనా వేసినది. సంపన్న దేశాలలో ఈ పాలు సుమారు 60 శాతం. ప్రభావానికి లోనుకావడమంటే ఉద్యోగం పోవడమని అర్థం కాదు. కొందరి పని తేలిక కావచ్చు, కొందరి పని మారవచ్చు, కొందరిది పోనూవచ్చు. ఎవరు ఏ కోవలో చేరుతారన్నది ఆ అంకె చెప్పదు.

పూర్వపు భయాలు ఫలించలేదు గనుక ఇప్పటి భయాలూ ఫలించవని వాదించేవారున్నారు. ఈ వాదంలో ఒక లోపమున్నది. బ్యాంకులలో యంత్రీకరణ మెల్లగా జరిగినది. దాని వెనుక ఒప్పందాలున్నాయి, శిక్షణ ఉన్నది, ఇంచుమించు ఒక తరం వ్యవధి ఉన్నది. ఇప్పటి వేగం అటువంటి వ్యవధిని ఇస్తుందన్న హామీ ఏదీ లేదు.

యంత్రం నేర్చుకొనే తీరు

కృత్రిమ మేధ అనే శాస్త్రానికి ఆ పేరు స్థిరపడినది 1956లో, అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరిగిన ఒక వేసవి సదస్సుతో. జాన్ మెకార్తీ ఆ పేరు పెట్టిన శాస్త్రవేత్త. ఈ శాస్త్రాన్ని పెంచి పోషించిన మొదటి తరంవారిలో తెలుగువారైన రాజ్ రెడ్డి ఒకరు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఆయన, మనిషి మాటను యంత్రం గుర్తించేటట్లు చేయడానికి జీవితకాలం కృషి చేశారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. చదువురాని మనిషి కూడా కంప్యూటరుతో తన భాషలో మాట్లాడి పని జరుపుకోగలగాలన్నది ఆయన తరచు చెప్పే ఆశయం.

తొలినాళ్ళలో శాస్త్రజ్ఞులు యంత్రానికి నియమాలు బోధించేవారు. ఇప్పటి యంత్రాలు ఎక్కువగా ఉదాహరణల నుండి నేర్చుకుంటాయి. ఈ తేడాను గ్రహించడానికి ఒక వైద్య ఉదంతం ఉపకరిస్తుంది. మధుమేహ రోగులలో కొందరికి కంటి వెనుకనున్న రెటీనా పొర దెబ్బతింటుంది. మొదట రోగికి ఏమీ తెలియదు. తెలిసేనాటికి చూపు చాలవరకు పోయి ఉండవచ్చు. ఏటేటా కంటి ఫోటో తీసి చూస్తే ముందుగానే పట్టవచ్చు. కాని ఆ ఫోటోలను చూసి చెప్పగల నిపుణులు పల్లెలకు దూరంగా ఉంటారు. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ఒక పరిశోధనలో ఇటువంటి ఫోటోలు సుమారు 1,28,000 యంత్రానికి చూపారు. అమెరికా నుండి వచ్చినవి కాక, మదురైలోని అరవింద్, చెన్నైలోని శంకర నేత్రాలయ, బెంగళూరులోని నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల నుండి సేకరించినవి కూడా వాటిలో ఉన్నాయి. ఒక్కొక్క ఫోటోను 54 మంది వైద్యులలో ముగ్గురు మొదలు ఏడుగురు వరకు పరీక్షించి, వ్యాధి ఏ దశలో ఉన్నదో నిర్ణయించారు. యంత్రం ప్రతి ఫోటోకు ఒక ఊహ చెబుతుంది. ఆ ఊహ వైద్యుల నిర్ణయానికి ఎంత దూరమున్నదో లెక్కకట్టి, లోపలి అంకెలను రవ్వంత సవరిస్తారు. ఈ సవరణ లెక్కలేనన్ని పర్యాయాలు జరుగుతుంది. చివరకు యంత్రం నిపుణులకు తీసిపోని విధంగా వ్యాధిని గుర్తించగలిగినది. ఎవరూ దానికి నేత్రశాస్త్రం బోధించలేదు. వైద్యుల నిర్ణయాలే దానికి గురువులు.

ఇంతవరకు ఆశ. తరువాత ఆ యంత్రాన్ని థాయిలాండులోని 11 ఆరోగ్య కేంద్రాలలో వినియోగించి చూశారు. అక్కడ నర్సులు తీసిన ఫోటోలలో ఇంచుమించు ఐదింట ఒకదానిని యంత్రం పరీక్షకు పనికిరాదని త్రోసిపుచ్చినది. గదిలో వెలుతురు సరిపోకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఫోటో తిరస్కరింపబడిన రోగి మరొక రోజు, మరొక ఊరిలో నిపుణుని వద్దకు వెళ్ళాలి. ఆ రోజు కూలి పోతుంది. కొన్ని ఫోటోలలో వ్యాధి లేదని నర్సుకు స్పష్టంగా కనిపించినా, ఆమె మాటకు చెల్లుబాటు లేదు. యంత్రం తెలివితక్కువదేమీ కాదు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసినది, పనిచేసే చోట తనను సరిదిద్దగల మనిషి లేక తడబడినది. కృత్రిమ మేధ మంచిదా చెడ్డదా అని చర్చించేవారు ఈ ఉదంతాన్ని నిదానంగా చదవడం మంచిది. దానిపై ఆశ నెరవేరడమూ, భయం నిజం కావడమూ అనేక సందర్భాలలో ఈ ఒక్క విషయం మీదనే ఆధారపడి ఉన్నాయి.

వ్యాసాలూ, ఉత్తరాలూ వ్రాసిపెట్టే యంత్రాల తీరూ ఇటువంటిదే. అవి అపారమైన వ్రాతలను చదివి, ఒక మాట తరువాత ఏ మాట రావడానికి అవకాశమున్నదో అంచనా కట్టడం నేర్చుకుంటాయి. అందువల్లనే అవి నిజాన్ని ఎంత ధీమాగా చెబుతాయో, అబద్ధాన్నీ అంత ధీమాగా చెబుతాయి. ఇక మనుషుల ముఖాలనూ గొంతులనూ అనుకరించే సాధనాల సంగతి వేరు. 2023 నవంబరులో ఒక ప్రముఖ సినీనటి ముఖాన్ని మరొకరి దృశ్యానికి అతికించి ప్రచారం చేయగా దేశమంతటా అలజడి కలిగినది. అది యంత్రం పొరపాటు కాదు, మనిషి దుర్బుద్ధి.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

యంత్రం పొరపాటు అన్నానికి అడ్డు వచ్చిన సందర్భం తెలంగాణలో ఉన్నది. ఆ రాష్ట్రంలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల వద్దనున్న వివరాలను కలిపి చూస్తుంది. వాహనాల రికార్డు, ఆస్తుల రికార్డు, రేషన్ కార్డుల రికార్డు వేరువేరు చోట్ల వేరువేరు తీరుల్లో వ్రాసి ఉంటాయి. ఈ పేరుగల వ్యక్తీ, ఆ పేరుగల వ్యక్తీ ఒకరేనా అన్నది యంత్రం ఊహించాలి. మన పేర్ల సంగతి తెలియనిదెవరికి? ఒకే వీధిలో ఇద్దరు సత్తయ్యలుంటారు. ఇంటిపేరు ఒక చోట ముందు వస్తుంది, మరొక చోట వెనుక. ఇంకొక చోట పొట్టి అక్షరంగా మిగులుతుంది. ఇంగ్లీషు అక్షరాలలో ఒకే పేరు నాలుగు విధాలుగా వ్రాస్తారు. కారు గల ఆసామిని, అతని పేరును పోలిన పేదవానితో కలిపివేస్తే, పేదవాని ఇంట చౌకబియ్యం నిలిచిపోతుంది. ఇటువంటివి జరిగినట్లు పత్రికలలో వెల్లడి అయినది.

అనర్హులను తొలగించడం న్యాయమైన ఉద్దేశ్యమే. దొంగకార్డుల వల్ల నష్టపోయేదీ పేదవారే. కాని కంప్యూటరు పరిశీలన ఆధారంగా, ముందు నోటీసు ఇవ్వకుండా కార్డులు రద్దు చేశారన్న వాదంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరినది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల విషయమై క్షేత్రస్థాయిలో తనిఖీ జరపవలసిందిగా 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించినది. అనగా, యంత్రం నిమిషాలలో తేల్చినదాన్ని నిర్ధారించడానికి మనుషులు ఇల్లిల్లూ తిరగవలసి వచ్చినది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం పొందుతున్న వేలాది కుటుంబాలను మోసగాళ్ళుగా ముద్రవేసిన ఉదంతంలోనూ, అనుమానితులను ఏరడంలో కంప్యూటరు పద్ధతికి పాత్ర ఉన్నట్లు తేలినది. ఆ కారణంగా 2021 జనవరిలో ఆ దేశ ప్రభుత్వమే రాజీనామా చేసినది. గుమాస్తా పొరపాటు చేస్తే ఒక ఫైలు చెడుతుంది. యంత్రం పొరపాటు అదే రోజున అన్ని జిల్లాలలోనూ జరుగుతుంది. పైగా బాధితుడు ఎవరిని అడగాలి? కౌంటరులో కూర్చున్నవాడు “కంప్యూటరు చూపడం లేదు” అంటాడు. అతడు అబద్ధమాడడం లేదు; సరిదిద్దే అధికారం అతనికి ఇవ్వలేదు, అంతే.

భాషల మాట

బహుభాషా దేశమైన మనకు కృత్రిమ మేధ కలిగించే ఆశలలో అన్నిటికంటె పెద్దది బహుశా అనువాదం. ఇది కొత్త కోరిక కాదు. 1980లలో కాన్పూరు ఐఐటిలో మొదలై, తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ సాగిన ‘అనుసారక’ కృషి, పాణినీయ వ్యాకరణ దృష్టితో తెలుగు, కన్నడం మొదలైన భాషల నుండి హిందీలోకి పాఠాన్ని అందించడానికి ప్రయత్నించినది. 2022 జూలైలో కేంద్ర ప్రభుత్వం ‘భాషిణి’ని ఆరంభించినది. దానిలో భాగమైన భాషాదాన్ ద్వారా సామాన్యులు తమ గొంతుతో వాక్యాలు చదివి, దేశానికి దానం చేయవచ్చు. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస, హోసూరు తెలుగు ఆ దానంలో చేరకపోతే యంత్రానికి పత్రికల తెలుగు తప్ప మరొకటి తెలియదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. మనకు ఇంత కష్టమైతే, అదే లెక్కల ప్రకారం సుమారు 29 లక్షల 84 వేల మంది మాట్లాడే గోండీ సంగతి ఏమిటి? ఆ భాష తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో చెదరి ఉన్నది. ఒక చోట తెలుగు లిపిలో, మరొక చోట దేవనాగరిలో వ్రాస్తారు. ఆదిలాబాదు జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికినది. కంప్యూటరు తెరపై తన లిపిలో కనిపించడానికే ఒక భాషకు ఇంత కాలం పట్టినది. 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వశాఖ ‘ఆది వాణి’ పేరుతో సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషల అనువాద సాధనాన్ని ప్రయోగాత్మకంగా విడుదల చేసినది. పాఠశాలలో ఒక మాట, ఇంటిలో ఒక మాట విని తికమకపడే గోండు పిల్లవానికి ఇది చిన్న విషయం కాదు. అయితే అనువాదం సరిగా ఉన్నదో లేదో చెప్పవలసినవారు ఆ గూడేలలోనే ఉన్నారు. వారిని అడిగే ఏర్పాటు ఎంత గట్టిదన్నదే ముఖ్యం.

అనువాదంలో పొరపాటు ఎలా ఉంటుందో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు ఉదాహరించారు. న్యాయస్థాన పరిభాషలో ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే అప్పీలు చేసుకొనుటకు అనుమతి లభించినదని అర్థం. యంత్రం దానిని సెలవు మంజూరైనదని అనువదించినది! విన్నవారు నవ్వుకున్నారు. ఆ కాగితం నేరుగా కక్షిదారు చేతికి వెళ్ళి ఉంటే నవ్వు వచ్చేది కాదు. 2019లో సుప్రీంకోర్టు ప్రవేశపెట్టిన ‘సువాస్’ యంత్రానువాదాలను అనువాదకులు పరిశీలించేది ఇందువల్లనే.

2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం కృత్రిమ మేధ జాతీయ కార్యక్రమానికి రూ. 10,371.92 కోట్లు మంజూరు చేసినది. అందులో అధిక భాగం గణన సామర్థ్యం కల్పించడానికీ, దేశీయ నమూనాలకూ, పరిశ్రమల ప్రోత్సాహానికీ ఉద్దేశింపబడినది. ఇవి ఆవశ్యకమైనవే. వీటితోపాటు తనిఖీ చేసే మనిషికి కూడా నియమావళిలో చోటు దొరుకుతున్నదా అని చూస్తే, 2025 జూలైలో కేరళ హైకోర్టు జిల్లా న్యాయస్థానాలకు జారీచేసిన విధానం గమనార్హంగా ఉన్నది. దాని ప్రకారం తీర్పు నిర్ణయించడానికి కృత్రిమ మేధను వినియోగించరాదు. యంత్రం చేసిన అనువాదాన్ని అర్హతగల అనువాదకుడో, న్యాయమూర్తో సరిచూడాలి. ఏ సాధనాన్ని ఏ సందర్భంలో వాడినదీ, మనుషులు దానిని ఏ విధంగా తనిఖీ చేసినదీ ప్రతి న్యాయస్థానం రికార్డులో వ్రాసి ఉంచాలి.