కోకో రైతుకు సర్కారు సాయం అందేదెంత?

ప్రశ్న: కొబ్బరిలో అంతరపంటగా కోకో వేశాం. ప్రభుత్వ పథకాల వల్ల రైతుకు నిజంగా ఒరిగేదేమిటి?

జవాబు: కోకోకు కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. కొనేది ఎక్కువగా చాక్లెట్ కంపెనీలే, ధర నడిచేది ప్రపంచ మార్కెట్‌ను బట్టి. 2024 డిసెంబరులో టన్ను 12 వేల డాలర్లు దాటిన ధర 2025 వేసవికి దిగొచ్చింది. గింజలు కొనేవారు లేక ఏలూరు రైతులు రోడ్డెక్కారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంపెనీలతో మాట్లాడి కిలోకు 500 రూపాయలు ఖరారు చేసింది. అందులో 450 కంపెనీలవి, 50 ప్రభుత్వానివి. ప్రభుత్వ వాటా క్వింటాలుకు 5 వేలంటే చిన్న రైతుకు కూలి ఖర్చుల్లో పెద్ద ఊరటే. కానీ ఇది ఆపద్ధర్మం. సీజన్‌కు ముందే ధర తేల్చే పద్ధతి రావాలి, రైతులు అడుగుతున్నది న్యాయమే.

కొత్త తోటలకు సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ కింద రాయితీ ఉంది.

గింజలు పులియబెట్టి ఎండబెట్టడంపై ఇచ్చే శిక్షణను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గింజల్ని మధ్యమధ్య తిరగేస్తూ ఐదారు రోజులు పులియబెట్టి, తేమ 7 శాతానికి దిగేదాకా ఎండబెట్టాలి. కోసి చూస్తే లోపల గోధుమరంగు కనిపించాలి. ఊదారంగు మిగిలితే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు. కొచ్చిలోని జీడిమామిడి, కోకో అభివృద్ధి డైరెక్టరేట్ శిక్షణల వివరాలు మీ ఉద్యాన అధికారిని అడగండి.