పరామర్శ నేర్పే బొమ్మలు

కాపురం తార్నాకలో, పాఠాలు ఉస్మానియాలో. నా ఉద్యోగకాలమంతా అలాగే గడిచింది. బౌద్ధ చిత్రాల్లో చావు గురించి, ఏడుపు గురించి అడిగే పిల్లలకు నేను చెప్పే మాటలివి.

1. ముందు మన హైదరాబాద్‌లో ఉన్నది చూడండి. అజంతా ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. గులాం యజ్దానీ నడిపిన పురావస్తు శాఖ 1920లో ఇటలీ నిపుణులను పిలిపించి అక్కడి గుహల్లోని బొమ్మలను కాపాడే పని మొదలుపెట్టింది. వాటి నకళ్లు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఈజిప్టు మమ్మీని చూసి వెనక్కి వచ్చేయకండి, అజంతా గదిలోనూ కాసేపు నిలబడండి.

2. దుఃఖంలో ఉన్న మనిషినే కాదు, చుట్టూ ఉన్నవాళ్లనూ చూడండి. అజంతా 16వ గుహలోని ‘మరణిస్తున్న రాకుమారి’ బుద్ధుడి తమ్ముడు నందుడి భార్య సుందరి అని చాలామంది పండితుల మాట. భర్త భిక్షువైపోయాడు, అతని కిరీటం ఇంటికొచ్చింది. ఆమె తల వాలిపోయింది. ఒకామె వెనకనుంచి పట్టుకుంది, ఇంకొకామె విసురుతోంది, పక్క గదిలో ఒకడు నీళ్ల పాత్రతో ఉన్నాడు. చిత్రకారుడు సుందరి మీద ఎంత మనసు పెట్టాడో వాళ్ల మీదా అంతే పెట్టాడు.

3. పగ తీరితే మనసు చల్లబడుతుందనుకోకండి. 10వ గుహలో ఛద్దంత జాతకం ఉంది. ఏనుగు మీద పగతో దాని దంతాలు తెమ్మని పట్టుబట్టిన రాణే, అవి కళ్లెదుటికి రాగానే కుప్పకూలిపోతుంది. రాజు చెయ్యి చాచి ఆమెను పట్టుకుంటాడు. చంపించిన రాణి దుఃఖాన్నీ ఆ చిత్రకారుడు చిన్నచూపు చూడలేదు.

4. శాంతినీ కన్నీటినీ పోటీకి పెట్టకండి. 26వ గుహలోని మహాపరినిర్వాణం శిల్పం చూడండి, అది బుద్ధుడి మరణ దృశ్యం. కింద శిష్యులు కుమిలిపోతుంటారు, పైన దేవతలు సంబరపడుతుంటారు. జపాన్‌లోని కోయాసాన్‌లో ఉన్న 1086 నాటి మహాపరినిర్వాణ చిత్రంలో బోధిసత్త్వులు నిశ్చలంగా ఉంటే, శిష్యులు భోరుమంటారు, ఒక సింహం నేలమీద పడి పొర్లుతుంది. అన్నీ అనిత్యమని బోధించిన ధర్మమే ఏడ్చేవాళ్లకు ఇంత చోటిచ్చింది.

5. చూసింది ఆచరణలో పెట్టండి. చావింటికి వెళ్లి వేదాంతం చెప్పకండి, ఏడవొద్దని అనకండి. పక్కన కూర్చోండి, మంచినీళ్లివ్వండి, పిల్లలకు అన్నం సంగతి చూడండి. దశదినకర్మ అయ్యాక చుట్టాలంతా ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. మీరు ఆ తర్వాతి వారం తప్పకుండా వెళ్లండి.